పెనుకొండలో దిగలేదు

నవంబర్ 18, 2025. మంగళవారం. హిందూపురం

పొద్దున ఫోన్లో అమ్మ దగ్గింది.

మూడుసార్లు. మొదటిది గొంతు సవరించుకున్నట్టుగా ఉంది, దాన్ని వదిలేసినా రెండు. మూడోదాన్ని నొక్కేసింది. ఫోన్ మీద అరచెయ్యి పెడితే ఎలాంటి చప్పుడు వస్తుందో నాకు తెలుసు.

"ఏమ్మా అది?"

"ఏమీ ల్యా. ఉగ్గాని తింటాంటి. పప్పుల పొడి గొంతుకు అడ్డం పడింది."

మంగళవారం మా ఇంట్లో ఉగ్గాని చెయ్యరు. మంగళవారం దోసెలు. ఈ మాట అమ్మతో అనలేదు. ఇక్కడ రాసి పెడుతున్నా.

మా ఇంట్లో దగ్గు వేరే ఇళ్ళలో దగ్గు లాంటిది కాదు. అమ్మ జబ్బు పేరు తప్పు లేకుండా తెలుగులో రాయడం పోయిన నెలే నేర్చుకున్నా: లింఫాంజియోలియోమయోమటోసిస్. రాస్తూ పోతే మగ్గానికి పడుగు దారాలు తీసినంత పొడుగు. డాక్టర్లు పొట్టిగా 'లామ్' అనేదాన్ని అవ్వ "లాము" అంటుంది, ఏదో పక్కింటామె పేరు చెప్పినట్టు. లక్షల మంది ఆడవాళ్ళలో ఏ ఒక్కరికో వస్తుందట. అమ్మ ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గాలిబుడగలు. అవి ఆక్రమించుకున్న చోట ఊపిరి నిలవదు. మామూలు మనిషి వారం రోజులు ముక్కు తుడుచుకుని మరిచిపోయే జలుబు ఈమెకు వస్తే ఏమవుతుందని నాలుగేళ్ళ కిందట బెంగళూరు డాక్టర్‌ను నాయన అడిగాడు. "ముందుగా చెప్పలేం. రాకుండా చూసుకోండి" అన్నాడాయన. అంతే చెప్పాడు.

అప్పటి నుంచీ మా ఇంటికొక నియమం. ధర్మవరంలో మా ఇంటికి వచ్చేవాళ్ళకు జలుబు, దగ్గు, ఒళ్ళు వెచ్చగా ఉండడం, ఏది ఉన్నా దారిలో పెనుకొండలో దిగిపోవాలి. అవ్వ ఇంట్లో ఉండి, పూర్తిగా తగ్గాక ఇంటికి రావాలి. నేను రెండుసార్లు దిగాను. నాయన ఒకసారి మగ్గం ఆపుకుని తొమ్మిది రోజులు ఉన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో "జలుబు చేసిందా" అని ఎవరూ అడగరు. "పెనుకొండలో దిగతావా, నేరుగా వస్తావా?" అంటారు.

ఎవరో దిగకుండా వచ్చారు.

శని, ఆదివారాలు నేను ఇంట్లోనే ఉన్నా. నాకేమీ లేదు. ఇంట్లో ఎవరూ దగ్గలేదు. కాలేజీ సంచికలో అచ్చయిన నా కథ 'మగ్గం గుంత' అమ్మకు నేనే చదివి వినిపించాలని పోయాను. ఆరు పేజీలు. రెండో పేజీ దగ్గర అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు అట్లే ఉంచింది. తర్వాత లేచి, కిటికీ తెరిచి వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చుంది. "ఆపొద్దు, చదువు" అంది. మన మాటలు వింటూ ఒకరు మన నుదురు తాకడం! ఇంతకంటే పెద్ద బహుమతి ఎవరూ ఇవ్వలేరు అనుకున్నా.

గొంతులో కొంచెం గరగర. అంతసేపు గట్టిగా చదివినందుకు. హాస్టల్లో దుమ్ము కూడా.

నవంబర్ 19, బుధవారం

పదకొండు గంటలకు ఫోన్ చేశా. నాయన ఎత్తాడు. అమ్మ పడుకోనుందట. పదకొండు గంటలకు.

నవంబర్ 20, గురువారం

అనుమానం అనే మాట గురించి ఇవాళ క్లాసులో మంచి సంగతి తెలిసింది. తర్కశాస్త్రంలో అనుమానం అంటే ఒకరిని శంకించడం కాదట. కనిపించే గుర్తును పట్టుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడం. పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానం. అయితే నాది శంక కాదు, అనుమానం. దగ్గు పొగ. నిప్పు తెచ్చినవాళ్ళు ఎవరో తెలుసుకోవాలి.

పోయిన వారం అమ్మ దగ్గరికి వచ్చిన మనుషులు: అవ్వ, సుంకప్పన్న, చీరలు చూడ్డానికి వచ్చేవాళ్ళతో మాట్లాడే నాయన. నేను.

అవ్వ ఆదివారం పొద్దున ధర్మవరం పోయి సాయంత్రానికి పెనుకొండకు తిరిగొచ్చింది. ముందు ఆమెకే చేశా.

"అవ్వా, ధర్మవరం పోయినప్పుడు నీకు జలుబు ఉండిందా?"

"ఎవురే నువ్వు, పోలీసా?"

"చెప్పవ్వా."

"జలుబుంటే పెనుకొండలో దిగాలంటారు గదా. నేను పెనుకొండలోనే ఎక్కితి. నేనింక యాడ దిగాలే?"

"నవ్వులాట కాదు."

"నవ్వులాట యాల? నా కూతురికి నేను తీసకపోయి ఇస్తానా? నాలుగేండ్లయింది నేను సల్లనీళ్ళు నోట్లో పోసుకోక. ఆ సుంకప్పనడుగు పో. ఆదివారం నేను బయల్దేరేటప్పుడు మగ్గంలో కూచోని రెండు తుమ్ములు తుమ్మె."

సుంకప్పన్న ఊరు తలుపుల. మా రెండో మగ్గం మీద పన్నెండేళ్ళుగా నేస్తున్నాడు. నాకు ఏడేళ్ళప్పుడు జరీ పోగుతో ఉంగరం చేసి ఇచ్చాడు. రెండు తుమ్ములు తుమ్మి ఎవరికీ చెప్పలేదు.

వెంటనే నాయనకు చేశా. "సుంకప్పన్నను పనికి రావద్దని చెప్పు నాయనా."

వెనక మగ్గం చప్పుడు. అది సుంకప్పన్నదే, నాయన దెబ్బ కంటే ఆయన దెబ్బ నిదానం.

"పన్నెండేండ్లుగా ఈడనే ఉండాడు పాపా. తుమ్మితే దగ్గరికి రాకూడదని ఆయప్పకు తెలీదా?"

"తెలిసే దాచింటాడు."

"నువ్వు చూస్తివా?"

"అవ్వ చూసింది."

మగ్గం చప్పుడు ఆగింది. నాయన స్పీకర్ పెట్టి మాట్లాడతాడు. పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

సాయంత్రం తెలిసింది. సుంకప్పన్న అన్నం కూడా తినకుండా, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తలుపుల బస్సెక్కాడట. కోపం వచ్చిందంటే ఏదో ఉన్నట్టే కదా.

నాకు తలనొప్పి. పరీక్షల అలసట. నాకేమీ లేదు.

నవంబర్ 21, శుక్రవారం

తగ్గింది. అమ్మకు తగ్గింది.

ఎనిమిదిన్నరకు నాయనే చేశాడు. చుట్టూ ఆటోల హారన్లు. "పాపా, పొద్దున చూస్తే తగ్గిండాది. డాక్టరు దగ్గరికి పోతాండాం. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. పరీక్షలు బాగా రాయి." అంతే, పెట్టేశాడు.

ఎంత చిత్రమైన మాటలు ఇవి. దగ్గింది, తగ్గింది. ఒక్క అక్షరం. మంగళవారం 'ద', శుక్రవారం 'త'. తెలుగులో జబ్బు పోయిందని చెప్పడానికి కొత్త మాట అక్కర్లేదు, ఉన్నది తక్కువైతే చాలు. దీన్ని ఎప్పుడైనా కథలో వాడుకోవాలి.

తగ్గాక డాక్టర్ దగ్గరికి ఎందుకు పోతున్నారు? ఒకసారి చూపించడానికి. అమ్మ విషయంలో అది మంచిదే.

మధ్యాహ్నం మళ్ళీ చేస్తే నాయన "ఇంట్లోనే" అన్నాడు. వెనక మగ్గం చప్పుడు లేదు. ఒక మగ్గం సుంకప్పన్నది, ఆయన లేడు. రెండోది నాయనది, నాయన ఫోన్లో ఉన్నాడు. కనుక చప్పుడు ఉండదు. సరిపోయింది.

నవంబర్ 22, శనివారం

ఇంటికి పోదామని సంచి సర్దుకున్నా. నాయన వద్దన్నాడు. సోమవారం పరీక్ష పెట్టుకుని యాడికొస్తావు అన్నాడు. వీడియో కాల్ చేయమంటే నెట్ లేదన్నాడు. అమ్మకు ఇవ్వమంటే పడుకోనుండాది అన్నాడు.

తగ్గితే రమ్మంటారు. వద్దంటారా?

ఇంకోసారి అడుగుదామని ఫోన్ తీసి మళ్ళీ పెట్టేశా. తగ్గిందని నాయన తన నోటితో చెప్పాడు. నాయన అబద్ధం ఆడడు.

నేను పోకపోవడమే మంచిదని నాకూ ఒక పక్క అనిపిస్తోంది. ఎందుకని రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 23, ఆదివారం

ఫోన్లో నాయన మాటల వెనక ఒక చప్పుడు. టిక్కు, టిక్కు, టిక్కు. మధ్యలో సన్నగా ఒక కూత.

"నాయనా, యాడుండావు?"

"ఈడనే."

"ఈడనే అంటే?"

"ఈడనే, అమ్మ దగ్గర."

"అమ్మ యాడుండాది?"

కూత మళ్ళీ వచ్చింది. ఎవరో ఆడమనిషి "ఆ క్లిప్పు వేలికి సరిగా పెట్టండి" అంది.

శుక్రవారం నుంచీ ఆస్పత్రిలో ఉన్నారు. ధర్మవరంలోనే. మూడు రోజులు. నేను ఇక్కడ కూర్చుని 'ద'కు, 'త'కు తేడా గురించి పేజీ రాసుకుంటున్న రోజే అమ్మ ముక్కుకు పైపు పెట్టారు.

"నాతో అబద్ధం చెప్పినావు."

"నేనేం అబద్ధం చెప్పల్యా. తగ్గిందనే చెప్తి."

"తగ్గిందని చెప్పి ఆస్పత్రిలో పెట్టుకున్నారా?"

"ఆక్సిజన్ తగ్గింది పాపా. పొద్దున మిషన్ పెట్టి చూస్తే ఎనభై నాలుగు. ఎప్పుడూ తొంభై మూడు, తొంభై నాలుగు ఉండేది. తగ్గింది, డాక్టరు దగ్గరికి పోతాండాం, అంతే గదా నేను చెప్పింది."

నాయన గొంతు చిన్నది చేసుకున్నాడు.

"పెట్టేసినాక అనుకుంటి, పాప ఇంకొక రకంగా అనుకోనుంటాదని. అనుకుంటే అనుకోనీలే, పరీక్షలన్నా నెమ్మదిగా రాస్తాదని ఊరుకుంటి."

ఏం తగ్గింది అని నేను అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగకపోవడానికి కారణం నాకు తెలుసు.

అక్కడి డాక్టర్ పేరు సాయిసుధ. బెంగళూరు డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడుతూ చూస్తోందట. కరోనా పరీక్ష చేశారు, కాదన్నారు. మిగతా వైరస్‌ల పరీక్షకు పంపిన శాంపిల్ రిపోర్ట్ బుధవారం గాని రాదు. ఆ బుడగల్లో ఒకటి పగిలి గాలి పక్కకు చేరిందేమోనని ఒకసారి, మామూలు నిమోనియా ఏమోనని ఒకసారి చూస్తున్నారు. ఇంట్లో గాని, వచ్చిపోయేవాళ్ళలో గాని ఎవరికైనా ఫ్లూ లాంటిది ఉండిందా అని ఆమె రెండుసార్లు అడిగిందట.

"అమ్మ ఏం చెప్పింది?"

"ఎవురికీ ల్యా అనింది."

"నువ్వు?"

"నువ్వు చెప్పింటివి గదా. సుంకప్ప పేరు చెప్తి. తలుపుల నుంచి పిలిపించి ముక్కులో పుల్ల పెట్టి చూసిరి. ఆయప్పకు ఏమీ ల్యా."

నాకేమీ లేదు అని ఈ పేజీలోనూ రాయబోయి ఆగా.

నవంబర్ 24, సోమవారం

మధ్యాహ్నం రెండు. పరీక్ష బాగా రాశా. రూముకు వచ్చేసరికి మహేశ్వరి వచ్చి ఉంది. చిక్కిపోయింది. ఇంకేమీ రాయను.

అదే రోజు, సాయంత్రం ఆరు

రాయాలి.

మహేశ్వరి నా రూమ్మేట్. ఊరు రొళ్ల. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ. పన్నెండో తేదీ జ్వరంతో ఊరికి పోయింది. ఇవాళ పెట్టె దించుతూనే అంది: "అది మామూలు జ్వరం కాదంట కణే. ఫ్లూ. టెస్టులో వచ్చింది. నీకు రాలేదా? నేను పోయేటప్పుడు నీ దుప్పటే కప్పుకున్నానే."

"రాలేదు" అన్నా.

"అదృష్టం" అంది.

తర్వాత కాలేజీ గేటు దాకా పోయి వచ్చా. మళ్ళీ పోయి వచ్చా. మూడోసారి పోయి, జెరాక్స్ షాపు పక్కన నిలబడి నాయనకు చేసి, డాక్టర్ నంబర్ అడిగి తీసుకున్నా. ఎందుకని నాయన అడగలేదు.

"మేడం, నేను విశాలాక్షిగారి కూతురిని. ప్రత్యూష."

"చెప్పమ్మా."

"ఎవరికైనా ఫ్లూ ఉండిందా అని మీరు అడిగారంట."

"అడిగాను. మీ అమ్మగారు లేదన్నారు. మీ నాన్నగారు ఎవరో నేతాయన్ని పిలిపించారు. ఆయనకేం లేదు."

"నాకు ఉండింది."

అవతల కాగితాల చప్పుడు ఆగింది.

"ఎప్పుడు?"

"పద్నాలుగు, శుక్రవారం సాయంత్రం మొదలైంది. పదిహేను ఇంటికి పోయా. అమ్మ పక్కనే కూర్చున్నా. నా రూమ్మేట్‌కు టెస్టులో ఫ్లూ అని వచ్చింది. ఆ సంగతి ఇవాళే తెలిసింది."

"ఇవాళ ఎన్నింటికి?"

అది అడుగుతుందని అనుకోలేదు. "రెండింటికి."

"ఇప్పుడు ఐదున్నర."

"అవును మేడం."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఫ్లూకు ఇచ్చే మాత్ర మొదటి రెండు రోజుల్లో పడితే బాగా పనిచేస్తుంది. ఇవాళ్టికి ఏడో రోజు. అయినా మీ అమ్మగారిలాంటి వాళ్ళకు ఆలస్యమైనా ఇస్తాం. ఇంక రిపోర్ట్ కోసం ఆగను, ఇప్పుడే వేయిస్తాను" అంది. తర్వాత, "నీకు ఇంకా దగ్గు ఉందా?"

"కొంచెం."

"అయితే నువ్వు ఇక్కడికి రావద్దు."

ఇప్పుడు ఆ శనివారం గురించి రాస్తా. ఈసారి ఉన్నది ఉన్నట్టు.

శుక్రవారం సాయంత్రానికే ఒళ్ళు నొప్పులు. శనివారం పొద్దున వార్డెన్ గదిలో థర్మామీటర్ పెట్టుకుంటే నూటొక్కటి. స్టేషన్ బయట టీ తాగి, జ్వరం మాత్ర వేసుకుని ప్యాసింజర్ ఎక్కా. సంచిలో నా కథ అచ్చయిన సంచిక మూడు కాపీలు, ఒకటి అమ్మకు, ఒకటి అవ్వకు, ఒకటి ఊరికే చూసుకోడానికి. బండి కదిలాక అమ్మ ఫోన్ చేసింది. ముందు రోజు నా గొంతు తేడాగా వినిపించిందంట. "పెనుకొండలో దిగతావా, నేరుగా వస్తావా?"

"తగ్గిందిమ్మా. నేరుగా వస్తా."

పెనుకొండలో బండి రెండు నిమిషాలు ఆగింది. ఆ రెండు నిమిషాలూ కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చున్నా. మాత్ర పనిచేస్తోంది, చెమట పడుతోంది, చెమట పడితే తగ్గినట్టే అనుకున్నా. నన్ను నేను మోసం చేసుకోలేదు అప్పుడు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటేనే అది ఎలాంటి మాటో తెలుస్తోంది.

ఈ డైరీ ముందు పేజీలు తిరగేశా. నాకేమీ లేదు, నాకేమీ లేదు. దుమ్ము. పరీక్షల అలసట. దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికి చెప్పాను ఆ అబద్ధం?

అనుమానితుల జాబితాలో నా పేరు చివర రాసి, దాని ముందు చుక్క పెట్టా. ఆ చుక్కతోనే వాక్యం అయిపోయింది అనుకున్నట్టు.

నవంబర్ 26, బుధవారం

రిపోర్ట్ వచ్చింది. ఫ్లూనే.

సోమవారం సాయంత్రం నుంచే మాత్ర వేస్తున్నారు. ఇవాళ పైపు తీసి మాస్కు పెట్టారట. పైపు కంటే మాస్కు మంచిదా అని నాయనను అడిగా. "ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి మాస్కు పెట్టినారు" అన్నాడు. అంటే మంచిది కాదు. నాయన ఇప్పుడు ప్రతి మాటా విడమరిచి చెబుతున్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

నేను తెచ్చానని నాయనకు సోమవారమే చెప్పా. ఊ అన్నాడు. "సుంకప్పకు నువ్వే చెప్పుకో" అన్నాడు.

లైబ్రరీ కంప్యూటర్లో వెతికా. అమ్మలాంటి అరుదైన ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళకు ఇలాంటి వైరస్‌లు సోకితే ఏమవుతుందని పరిశోధన చేసినవాళ్ళు ఉన్నారు. ఇంగ్లీషు వ్యాసాలు, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు చదివా. గట్టిగా ఏదీ చెప్పరు. కొందరు ఇంటికి పోయారు, కొందరు పోలేదు, కొందరు ఇంటికి చేరినా మునుపటి ఊపిరి తిరిగి రాలేదు. రోగులే చాలా తక్కువ మంది కాబట్టి ఇంతకు మించి చెప్పలేం అని చివర రాశారు. అరుదు అంటే ఇన్నాళ్ళూ గొప్ప మాట అనుకున్నా. అరుదైన గౌరవం, అరుదైన పుస్తకం. అడగడానికి మనిషి దొరకకపోవడం కూడా అరుదే.

'అవుట్‌కమ్స్' అనే మాట దగ్గర ఆగిపోయా. ఫలితాలు అంటే పరీక్ష రాసినట్టుంది. పర్యవసానం అంటే అంతా అయిపోయినట్టుంది. మనకున్న మాట బయటపడడం. ఆపద నుంచి మనిషి బయటపడతాడు, దాచిపెట్టిన సంగతి బయటపడుతుంది. నాది బయటపడింది.

అమ్మ బయటపడాలి.

నవంబర్ 28, శుక్రవారం

మాస్కు ఉంది.

నవంబర్ 30, ఆదివారం

సుంకప్పన్నకు ఫోన్ చేశా. మూడోసారికి ఎత్తాడు.

"సుంకప్పన్నా, నేను ప్రత్యూషను."

"ఎవురూ, కతలు రాసే పాపనా?"

"తెచ్చింది నేను. నీ మీద చెప్పినాను. తప్పయింది."

"మీ నాయన చెప్పినాడు."

"నాయన చెప్పినాడా?"

"ఫోన్లో ఏడ్చె. నీకు చెప్పొద్దనె, చెప్తాండా. నేను పుల్ల పెట్టించుకున్నదానికి ఏడ్చినాడో, మీ అమ్మకు ఏడ్చినాడో నాకు తెలీదు." తర్వాత అసలు సంగతి చెప్పాడు. "ఆ దినం నాకొచ్చింది జలుబు తుమ్ము గాదు పాపా. జరీ పోగు తెగి ముక్కులోకి పోయె. మీ అవ్వ గుమ్మంలో నిలబడి నా తుమ్ములు లెక్కపెట్టె."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే నవ్వాడు.

"మళ్ళా పనికి వస్తావా?"

"రాకుండా? సగం నేసిన చీర మగ్గం మీదుండాది. దానిమీద ఇంకొకడు చెయ్యి పెడితే ఆ బెత్తెడు వేరేగా కనపడతాది. కట్టుకునే ఆయమ్మకు తెలీదు, నాకు తెలుస్తాది." తర్వాత గొంతు మార్చి అన్నాడు. "అది సరే. మీ నాయన ఫోనులో నువ్వు చెప్తాంటే నేను ఆడనే ఉంటిని. దాచింటాడు అంటివి. తుమ్మినాడంటే నాకేం బాధ ల్యా. దాచింటాడు అన్నది మనసులోనుంచి పోల్యా. పోతాదిలే."

నా నోటి నుంచి వచ్చిన మాట. నేను దాచింది ఆయనకు అంటించాను. దీనికి మాత్ర లేదు.

డిసెంబర్ 2, మంగళవారం

చివరి పరీక్ష అయిపోయింది. బయటికి రాగానే నాయన ఫోన్.

"తగ్గింది పాపా."

"ఏం తగ్గింది?"

"ఏం తగ్గిందంటే?"

"ఏది తగ్గిందో పేరు పెట్టి చెప్పు నాయనా."

నాయన నవ్విన చప్పుడు విని పదిహేను రోజులైంది. "జొరము తగ్గింది. దగ్గు తగ్గింది. ఆయాసము సగం తగ్గింది. ఆక్సిజన్ తగ్గల్యా, పెరిగింది. నా బరువు గూడా తగ్గింది, అది గూడా రాసుకో."

రేపు అమ్మను ఇంటికి పంపుతున్నారు. ఆక్సిజన్ మిషన్ కూడా వస్తుంది. పైపు ఉంటే తొంభై మూడు, తీస్తే ఎనభై తొమ్మిది. మునుపు పైపు లేకుండానే తొంభై మూడు ఉండేది. ఆ నాలుగు తిరిగి వస్తాయా అని అడిగితే, మూడు నెలలు పోనీ చూద్దాం అందట సాయిసుధ మేడం. రావని చెప్పలేదు. వస్తాయనీ చెప్పలేదు.

అమ్మ ఫోన్ తీసుకుంది. పద్దెనిమిదో తేదీ తర్వాత మొదటిసారి.

"ప్రత్యూషా."

"అమ్మా."

ఊపిరి తీసుకుంది. అమ్మ మాటకూ మాటకూ మధ్య ఇప్పుడు ఖాళీ ఉంది.

"నీ కత... మళ్ళా చదవాల నువ్వు."

"బాగలేదా?"

"నేను యాడ వింటి? రెండో పేజీ నుంచి నీ నుదురే. పెనం మాదిరి కాలతాండె."

ఆ చెయ్యి. ఆ కిటికీ. బహుమతి అని రాసుకున్నానే నేను.

"తెలిసీ చదవమన్నావా?"

"అంత దూరం నుంచి మోసుకోని వచ్చింటివి. ఆపమని ఎట్ల చెప్పేది?"

"మరి డాక్టర్ అడిగితే ఎవరికీ లేదన్నావంట."

"నా కూతురు తెచ్చిందని చెప్పాల్నా?"

"చెప్పింటే మాత్ర ముందే ఇచ్చుండేవాళ్ళమ్మా."

"అది నాకు యాడ తెలుసు." మళ్ళీ ఊపిరి. "నువ్వు చెప్తివి గదా. చాల్లే."

అందరినీ అనుమానించా, అమ్మను తప్ప. ఆమెను అనుమానించింది ఆ ఉగ్గాని విషయంలో ఒక్కటే. నా జ్వరం దాచింది మేమిద్దరమే. ఒకరికోసం ఒకరం దాచామని రాస్తే వాక్యం అందంగా ఉంటుంది. నేను దాచింది నాకోసం. అమ్మ దాచింది మాత్రమే నాకోసం.

"ఎప్పుడొస్తాండావు?" అంది.

"రేపు. పరీక్షలు అయిపోయినాయి."

అడుగుతుందా లేదా అని నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డా. పక్కన మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"పెనుకొండలో దిగతావా, నేరుగా వస్తావా?"

ఈ హాస్టల్లో సగం మంది తుమ్ముతున్నారు. పొద్దున నుంచి నా గొంతులో గరగర ఉంది. దుమ్ము కాదు. అలసట కాదు. జ్వరం చూసుకున్నా, తొంభై తొమ్మిది. రాసి పెడుతున్నా.

"దిగతామ్మా" అన్నా.

"మంచిది" అంది అమ్మ. "ఫోన్లో చదువుదువులే."

అవ్వకు చెప్పా. ఎన్ని రోజులుంటావని అడిగింది. తెలియదన్నా. ఈసారి ఎన్నిసార్లు దగ్గేదీ ఆమెనే లెక్కపెట్టమన్నా.

రేపు పొద్దున ఏడు గంటల ప్యాసింజర్. ఆరున్నరకల్లా స్టేషన్లో ఉండాలి. జ్వరం మాత్ర వేసుకోకూడదు. టికెట్ పెనుకొండ వరకే తీసుకోవాలి.